ఆరున్నర అడుగుల విల్లు

పొడుగు మనిషి కనబడితే మనవాళ్ళకు నోరు ఊరుకోదు. మా ఊళ్ళో గొర్లు కాసే ఇంటి ఆడపిల్ల పదిహేనేళ్ళకే ఆరడుగులు దాటింది. ఇంక చూడండి. ఒకడు తాటిచెట్టనేవాడు, ఒకడు నిచ్చెన అనేవాడు. చింతకాయ దులపాలంటే ఆ పిల్లకు కబురు పంపేవాళ్ళు. బస్సెక్కి నిలబడితే కండక్టరు కూడా పళ్ళికిలించేవాడు. తల నెరిసిన పెద్దమనుషులు సైతం పరాచికాలాడేవాళ్ళు. వింటుంటే నాకు ఒళ్ళు మండేది.

ఎందుకు మండదు? మాది మర్రిగూడ దిక్కు. ఇప్పుడంటే నల్లాలో కృష్ణ నీళ్ళు వస్తున్నాయి గానీ, మా తరం తాగింది ఫ్లోరైడు నిండిన బోరు నీళ్ళు. ఆ నీళ్ళకు నడుము వంగినవాళ్ళం, మోకాళ్ళు బిగిసినవాళ్ళం ఇంటికొకరం ఉన్నాం. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. పైకి చూడాలంటే మెడ తిరగదు, ఒళ్ళంతా వెనక్కి వాల్చాలి. ఆ పిల్ల చిన్నతనమంతా తండ్రి గొర్ల మంద వెంట కృష్ణ ఒడ్డున గడిచింది, అక్కడి నీళ్ళే తాగింది. మా ఊరి పిల్ల ఒకతి నిటారుగా ఎదిగిందంటే కళ్ళకద్దుకోవాలా, నవ్వాలా?

నేను వడ్లపని, అదే వడ్రంగం, చేసేవాణ్ణి. తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్ళకు జరిగిన సంగతి ఇది. అప్పటికే నాగళ్ళు అడిగేవాడు లేడు. చౌటుప్పల్‌లో లేచే ఇండ్లకు దర్వాజలు, కిటికీలు చేసి పంపేవాణ్ణి. ఒకరోజు పొద్దున ఆ పిల్ల, వాళ్ళ నాయిన నా కొట్టం ముందుకొచ్చి నిలబడ్డారు. పిల్ల చేతిలో రెండు ముక్కలైన బొంగు విల్లుంది.

"అన్నా, గిది మూడోదంట," అన్నాడు తండ్రి. "బడి సారు ఇంక ఇయ్యనన్నడు. సొంతది తెచ్చుకుంటెనే పేరు ఉంచుతడంట."

"నేను ఇరగ్గొట్టలే పెద్దనాయినా," అంది పిల్ల. "గుంజితే గదే ఇరిగింది."

బళ్ళో విలువిద్య నేర్పే సారు ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గరున్న విల్లులన్నీ ఒకటే పొడవు. మిగతా పిల్లలు తాడును గడ్డం దాకా గుంజితే విల్లు ఎంత వంగాలో అంత వంగుతుంది. ఈ పిల్ల చేతులకు గడ్డం దాకా గుంజాలంటే బెత్తెడు ఎక్కువ వంచాలి. ఆ బెత్తెడుకు బొంగు తట్టుకోలేదు. అది ఎవరి తప్పు? విల్లుది పొట్టితనం, మాట పడింది మాత్రం పిల్ల. సారు ఇచ్చిన సలహా ఏమిటో తెలుసా? చెయ్యి సగం మడిచి గుంజమన్నాడు! అట్లా గుంజితే బాణం నాలుగడుగుల దూరంలోనే మట్టి కరిచేది. అప్పుడు ఇంకో సలహా: "నీ ఎత్తుకు వాలీబాల్ మంచిగుంటది, అండ్లకు పో."

రెండు నెలల్లో పాలమూరులో సెలక్షన్లున్నాయి. అందులో నెగ్గితే పట్నం దగ్గర క్రీడా హాస్టల్లో సీటు, చదువు కూడా అక్కడే. నెగ్గకపోతే ఏమిటన్నది తండ్రి ముందే తేల్చేశాడు.

"పదోది అయిపాయె. సీటు రాకపోతే నా ఎంబడి గొర్ల కాడికి," అన్నాడు. కోపంగా అనలేదు పాపం. ఆయనకు తెలిసిన లెక్క అదే.

"వాలీబాలే ఆడరాదే బిడ్డా, సీటు అండ్ల గూడ ఇస్తరేమో," అన్నాను. నా బుద్ధీ అంతే పోయింది చూడండి.

పిల్ల తల అడ్డంగా ఊపింది. "అండ్ల అందరు నన్ను జూస్తరు పెద్దనాయినా. విల్లు పట్టుకుంటె నేను జూస్తా," అంది.

పీట తెచ్చి వేసుకుని పైకెక్కాను.

మా పనిలో ఒక పద్ధతుంది. నాగలి చేయించుకోవడానికి వచ్చిన రైతును ముందు నిలబెట్టి, అతను చేత్తో పట్టుకునే మేడిని అతని నడుముకు ఆనించి చూసుకుని అక్కడ కోస్తాం. పొట్టివాడి నాగలి పొడుగువాడికిస్తే మధ్యాహ్నానికి నడుము పట్టేస్తుంది. చదువు రాని మా తాతలకు తెలిసిన ఈ ముక్క, మెడలో విజిల్ వేలాడదీసుకున్న సారుకు తెలియదా? పీట మీద నిలబడి ఆ పిల్ల ఎత్తు, రెండు చేతులు చాపితే ఎంత వస్తుందో అది, గడ్డం నుంచి పిడికిలి దాకా ఎంతో అది, అన్నీ కొలిచాను. ఆరున్నర అడుగుల విల్లు కావాలని తేలింది.

చెయ్యడమెంతసేపు అనుకున్నాను. నలభై ఏండ్ల పనివాణ్ణి, ఆ మాత్రం పొగరు ఉండదా? బాగా ఎండిన తుమ్మ దుంగ నా దగ్గరుంది. నాగలికి తుమ్మను మించింది లేదు కదా, వింటికి మాత్రం ఏం తక్కువనుకున్నాను. రంగు పూసిన దారం లాగి గీత కొట్టి, గీత మీదే కోసి, చిత్రిక పట్టాను. ఎటువైపు నుంచి చూసినా వెంట్రుకవాసి తేడా లేదు. మా నాయిన నాకు నేర్పిన మొదటి పని గీత. గీత తప్పితే వీపు మీద పడేది. అందుకని కర్ర తిన్నగా ఉంటే చాలు, నాకు ప్రపంచమంతా తిన్నగా ఉన్నట్టే.

పిల్ల వచ్చి తాడు కట్టుకుంది. మూడుసార్లు గుంజింది. నాలుగోసారి ఫటేల్‌మని విరిగి, పై ముక్క ఎగిరి వచ్చి ఆమె కనుబొమ్మ మీద కొట్టింది. ముఖమంతా రక్తం.

అప్పుడు నేనేమన్నానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"గంతగనం ఎందుకు గుంజినవే!" అన్నాను.

సారు అన్న మాటే. సారును ఇన్ని తిట్లు తిట్టి, చివరికి ఆ పిల్ల రక్తం కారుతుంటే ఆయన మాటే నా నోట్లోంచి ఊడిపడింది. పిల్ల చున్నీతో కనుబొమ్మ అదుముకుని కింద కూర్చుంది. దవాఖానకు తీసుకుపోతే రెండు కుట్లు పడ్డాయి.

మరునాడు ఆ రెండు ముక్కలూ గోనెసంచిలో పెట్టుకుని దేవరకొండ మీదుగా అచ్చంపేట బస్సెక్కాను. ఎప్పుడో అడవి అంచున చెంచుల పెంటలో, అంటే వాళ్ళ గూడెంలో, ప్రభుత్వం ఇండ్లు కడితే వాటికి దర్వాజలు బిగించడానికి పోయాను. అక్కడ ఒక ముసలాయన విల్లు చెక్కుతుంటే చూసిన గుర్తు. మనిషి ఉన్నాడో లేడో అనుకుంటూ పోయాను గానీ ఉన్నాడు. ముక్కలు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, నా ముఖం వంక చూశాడు.

"దీన్ని ఎవరు సంపిన్రు?" అన్నాడు.

"నేనే," అన్నాను.

విరిగిన చోట వేలు పెట్టి చూపించాడు. కర్రలో నార ఏటవాలుగా పోతున్నది. నా గీత దాన్ని అడ్డంగా తెంపేసింది. వంచితే అక్కడ పట్టుకునేది ఏమీ లేదు, అందుకే ఊడింది.

"చెట్టు దాని తొవ్వన అది పోతాంది. నడుమల నువ్వెందుకు అడ్డం కోసినవు?"

నాకు కోపం వచ్చింది. "నలభై ఏండ్ల సంది గిట్లనే కోస్తున్న. ఒక్క దర్వాజ ఇరగలే," అన్నాను.

ముసలాయన ఉన్న మూడు పళ్ళూ బయటపెట్టి నవ్వాడు. "దర్వాజ వంగదు గదనయ్యా," అన్నాడు.

నలభై ఏండ్లు నేను చేసినవన్నీ వంగకుండా నిలబడాల్సినవే. వంగి లేవాల్సిన వస్తువు ఒక్కటీ నా చేతిమీద పోలేదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

వాళ్ళ పొయ్యి మీద పైకప్పులో ఒక తడ చెట్టు కర్ర పొగకు ఎండుతూ ఉంది. ఇప్పుడు చెట్టు కొడితే అటవీ శాఖ జంగ్లాతువాళ్ళు ఊరుకోరని, ఇది ఎప్పటిదోనని చెప్పాడు. పొడవైన కర్రే. ఎవరికోసమని అడిగితే, చెయ్యి నా తలపైకి ఎంత ఎత్తగలనో అంత ఎత్తి చూపించాను. "ఆడపిల్ల," అన్నాను. నమ్మలేదు. "జూట మాటలు జెప్పకు," అన్నాడు. కర్ర మాత్రం ఇచ్చాడు. నేను బిగించిన దర్వాజే ఆయన ఇంటికి ఒకవైపు కుంగి ఉంటే, సగం రోజు కూర్చుని అది సరిచేసి వచ్చాను. బయల్దేరేటప్పుడు మళ్ళీ చెప్పాడు: "సీల్చు, కొయ్యకు. పై పొరను ముట్టకు. లోపలి దిక్కే గీకు."

చీలలు దించి కర్రను చీల్చాను. అబ్బ, అదేం కర్ర! గొర్లు నడిచిన బాటలాగా కొంచెం కుడికి పోయి, ఒక కణుపు చుట్టూ తిరిగి, మళ్ళీ ఎడమకు వచ్చింది. చిత్రిక పట్టి ఆ వంకర తీసెయ్యాలని నా చేతులు ఎంత గుంజాయో చెప్పలేను. అన్నం తినేటప్పుడు కూడా అదే ధ్యాస. ఆఖరికి చిత్రికను అటక మీదకు విసిరేసి, గాజుపెంకు పట్టుకుని లోపలి వైపు గీకుతూ కూర్చున్నాను.

ప్రతి ఆదివారం పిల్ల వచ్చేది. గోడకు మేకు కొట్టి విల్లు వేలాడదీసి, తాడును రెండు వేళ్ళ మందం గుంజి చూసేవాళ్ళం. వచ్చే వారం ఇంకో రెండు వేళ్ళు. ఎక్కడ వంగకుండా బిగిసి ఉందో అక్కడ నేను గీకేవాణ్ణి. నా కంటికంటే ఆ పిల్ల చెయ్యే బాగా పట్టేది. "కింది దిక్కు మొండిగుంది పెద్దనాయినా," అనేది. గీకి చూస్తే నిజంగానే మొండిగా ఉండేది.

ఆరో ఆదివారం, గడ్డం దాకా గుంజే రోజు వచ్చింది. నేను తలుపు వెనక నిలబడ్డాను. సిగ్గుపడేదేముంది, భయం. ఆమె కనుబొమ్మ మీది మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. ఆ పిల్లకు మాత్రం భయం లేదు. చెయ్యి మడవకుండా, భుజం ముడవకుండా, తన ఒంట్లో ఉన్న పొడవంతా వాడుకుని గుంజింది. విల్లు వంగింది. గుండ్రంగా, పైనా కిందా ఒకే తీరుగా వంగి, అట్లాగే నిలిచింది. నాకు ఏడుపొచ్చింది.

"గట్లనే ఉంచు బిడ్డా, గట్లనే," అని అరుస్తూ తలుపు వెనక నుంచి బయటికొచ్చాను.

పాలమూరు మైదానానికి నేనూ పోయాను. అక్కడ పరికరాలు పరీక్షించే పెద్దమనిషి ఒకాయన బల్ల వేసుకుని కూర్చున్నాడు. మా విల్లును కంటి ముందు పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఇదేందమ్మా, వంకర ఉన్నది. ఇది నడవదు."

పక్కన మా బడి సారు. ఆయన మా తరఫున మాట్లాడాలా వద్దా? "నేను ముందే చెప్పిన సార్, ఆ అమ్మాయి వాలీబాల్‌కు పనికొస్తది అని," అన్నాడు.

నా తల తిరిగింది. "సక్కగున్నయి ఇస్తివి, మూడు ఇరిగినయి! నేను సక్కగ జేస్తి, పిల్ల మొకం పగిలింది! ఇంకెన్ని సక్కటియి ఇరగాలె నీకు?" అని అరిచాను. జనం పోగయ్యారు. బల్ల దగ్గరాయన విజిల్ తీశాడు.

పిల్ల నా చొక్కా పట్టి వెనక్కి లాగింది. "జర ఆగు పెద్దనాయినా." తర్వాత తన నోటుబుక్కు తెరిచి బల్ల మీద పెట్టింది. నియమాలన్నీ రాసుకుని పెట్టుకుంది! ఎప్పుడు రాసుకుందో నాకే తెలియదు. "కట్టెదన్న ఉండాలె, బొంగుదన్న ఉండాలె. గురి జూసుకునేటందుకు గుర్తులు ఉండొద్దు. గంతే ఉంది సార్. సక్కగ ఉండాలని యాడ రాసిండ్రు?"

ఆయన తన పుస్తకం తీశాడు. వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పాడు. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. ఎక్కడా లేదు.

"ఇరిగి ఎవరికన్న తగిలితే నాది పూచీ కాదు," అన్నాడు చివరికి.

"నాది," అన్నాను. "పక్కనే నిలబడతా. తాకితే నాకే తాకనీ." నన్ను గీత బయటికి తోసేశారనుకోండి, అది వేరే సంగతి.

ఆ పిల్ల ఆ రోజు ఎట్లా వేసిందో వర్ణించను. వర్ణిస్తే గొప్పలనుకుంటారు. సాయంత్రం అంటించిన జాబితాలో మూడో పేరు ఆమెది. వాళ్ళ నాయిన ఆ కాగితం ముందు నిలబడి, చదవడం రాకున్నా, కూతురి పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని ముగ్గురిని అడిగాడు.

ఇంతటితో అయిపోతే ఎంత బాగుండేది! అవుతుందా?

హాస్టల్లో చేరిన మూడు నెలలకు వార్డెన్ మేడం ఫోన్ చేసింది. "మీరు చేసిన విల్లు బీరువాలో పడుతలేదు. తలుపు మూత పడక తాళం వేసుడు అయితలేదు. అర అడుగు కొయ్యాలె."

"బయట పెట్టుకుంటది మేడం."

"పెట్టరాదు. సామానంత లోపల పెట్టి తాళం ఎయ్యాలె, రూల్. లేకుంటే హాస్టల్ విల్లుతోనే ఆడాలె. మీరే వచ్చి కోసిపెట్టండి, ఇక్కడోళ్ళు కోస్తే ఖరాబైతది."

హాస్టల్ విల్లంటే మళ్ళీ ఆ ఒకే పొడవు విల్లులే. మళ్ళీ విరగడాలు, మళ్ళీ కుట్లు, మళ్ళీ వాలీబాల్. "రేపొస్తున్న," అన్నాను.

"రంపం తెచ్చుకోర్రి," అంది మేడం.

తెచ్చుకున్నాను. మధ్యాహ్నం పిల్లలు మైదానంలో ఉన్న వేళ మేడం నన్ను వాళ్ళు పడుకునే గదిలోకి తీసుకుపోయింది. గోడకు వరసగా చెక్క బీరువాలు. మా విల్లు ఒక మూలకు ఆనించి ఉంది. మేడం దాన్ని తెచ్చి, ఇక్కడ కొయ్యమన్నట్టు నా ముందు అడ్డంగా పట్టుకుంది.

నేను విల్లును ముట్టుకోలేదు. స్టూలెక్కి బీరువా పై పలక మీద రంపం పెట్టాను.

"ఏయ్, ఏయ్! ఏం జేస్తున్నరు? అది గవర్నమెంటుది!"

"మంచంల పడుతలేడని మనిషిని కోస్తమా మేడం?" అనబోయి, ఎందుకో ఆగిపోయాను. "రాసుకోండి," అన్నాను. "మర్రిగూడ దిక్కు వడ్లాయన వచ్చి కోసిండని రిజిస్టర్ల రాసుకోండి. పిల్ల కొలతకు చేసిన విల్లును బీరువా కొలతకు కొయ్యాల్నా? బీరువా వోయి బాణం ఏస్తదా?"

పలకలో పిడికిలి పట్టేంత సందు కోశాను. విల్లు లోపల నిలబెడితే కొస సందులోంచి పైకి వచ్చింది. తలుపు మూసుకుంది. తాళం పడింది. "మీ రూలు మీకున్నది, ఆమె విల్లు ఆమెకున్నది," అని స్టూలు దిగాను. ఎంత గర్వంగా దిగానో. నా అంత న్యాయం తెలిసినవాడు జిల్లాలో లేడన్నంత గర్వం.

అప్పటికి పిల్ల మైదానం నుంచి వచ్చి గుమ్మంలో తల వంచి నిలబడి ఉంది. బీరువాను చూసింది. నా చేతిలో రంపాన్ని చూసింది. మేడం వంక ఒకసారి చూసి, నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"పెద్దనాయినా, రంపం ఉంది గదా. నా మంచం గూడ జర చూస్తవా?"

కిటికీ పక్కన ఆమె మంచం. చెక్కది. తల దిక్కు ఒక పలక, కాళ్ళ దిక్కు ఒక పలక. అందరివీ ఒకటే పొడవు.

"ఎట్ల పంటున్నవే?" అన్నాను.

మంచం ఎక్కి చూపించింది. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, తల ఒక పలకకు, పాదాలు ఇంకో పలకకు ఆనించి.

"వచ్చిన కాడ్నుంచి గిట్లనే. కింద పంటె మేడం కోప్పడతది. పొద్దున లేస్తే మోకాళ్ళు సాగయి. విల్లు పట్టి నిలబడనీకి కష్టమైతాంది."

"మరి ఎవ్వరికి చెప్పలేదేందే? నాకన్న ఎందుకు చెప్పలే?"

"విల్లుకే గింత లొల్లి ఆయె," అంది. "మంచం గూడ అడిగితే పంపిచ్చేస్తరని భయమైంది."

నాకు అక్కడే భూమిలోకి పోవాలనిపించింది. సారును తిట్టాను, బల్ల దగ్గరాయన్ను తిట్టాను, మేడాన్ని తిట్టాను. పీటెక్కి మరీ ఆ పిల్ల చెయ్యి కొలిచాను, పిడికిలి కొలిచాను, గడ్డం కొలిచాను. వింటికి ఏం కావాలో అదంతా కొలిచాను. పిల్ల ఎట్లా పడుకుంటుందని ఒక్కసారన్నా అడిగానా? నేనూ ఆమెను విల్లు పట్టుకునే మనిషిగానే చూశాను. ఆ మూడు నెలలూ ఫోన్లో నేను అడిగింది ఒక్కటే: విల్లు మంచిగుందా?

మేడం తనే వంగి పరుపు ఒక పక్కకు జరిపింది.

కాళ్ళ దిక్కు పలకను మొదలంటా కోసేశాను. ఆ చివర స్టూలు జరిపి, దాని మీద దుప్పటి మడిచి వేసింది మేడం. "ఇప్పుడు పండు బిడ్డా," అన్నాను.

పిల్ల మా ఇద్దరినీ చూసి, మొహమాటపడుతూ పడుకుంది. కాళ్ళు మెల్లగా చాపింది. పాదాలు పలక ఉండిన చోటు దాటి పోయాయి, ఇంకా పోయాయి, స్టూలు మీద ఆగాయి. కాళ్ళకు బూట్లు కూడా విప్పలేదు. కళ్ళు మూసుకుంది.

నేను రంపం గుడ్డలో చుట్టేలోపే ఆ పిల్లకు నిద్ర పట్టింది.